మార్కాపురంలో మారని కెర్నెల్

మొన్న శుక్రవారం మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, నేనింతవరకు ముఖాముఖి చూడని మనిషి, వేరే ఊరి నుంచి ఒక సందేశం పంపింది. కెర్నెల్‌ను తన అవసరానికి తగ్గట్టు మార్చి ఎక్కించిందట, మిషన్‌ను ఆపి మళ్ళీ లేపితే పాత కెర్నెలే కనిపిస్తోందట, మూడుసార్లు చేసినా అంతేనట. అసలది ఏ డిస్కు నుంచి లేస్తోందో చూడమని ఒక్క ముక్క రాశాను. రెండు నిమిషాల్లో దొరికిందని జవాబు వచ్చింది. అదే సంగతి తెలుసుకోవడానికి ఒకప్పుడు నాకు మార్కాపురంలో పదకొండు రోజులు పట్టింది.

తర్లుపాడు రోడ్డులో ఒక పలకల ఫ్యాక్టరీ ఉండేది. దాని యజమానిని అందరూ మామా అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. రాసుకునే పలకలకు గిరాకీ పోయిందని, పలకల మీద పేర్లు, బొమ్మలు చెక్కి అమ్మవచ్చునని ఆయన ఎక్కడినుంచో, కంప్యూటర్ చెప్పినట్టు పలకను చెక్కే ఒక పాత మిషన్ తెప్పించాడు. హైదరాబాదులో ఆరు నెలలు తిరిగి ఉద్యోగం దొరక్క మా ఊరు అర్ధవీడుకు తిరిగి వచ్చేసిన నన్ను దాన్ని నడపడానికి పెట్టుకున్నాడు. మిషన్ తిరిగేది కానీ, చెక్కుతుండగా ఉలి సన్నగా వణికేది, ప్రతి అక్షరం మూల దగ్గర పలక పెచ్చు లేచిపోయేది.

కారణం నాకు మొదటి వారంలోనే తెలిసింది. కంప్యూటర్లో అన్నిటికంటే అడుగున ఉండి, మిగతా పనులన్నిటికీ వంతులు పంచేది కెర్నెల్. మామూలు కెర్నెల్ నాలుగు పనులూ చూసుకుంటూ మోటారుకు పంపాల్సిన సంకేతాన్ని వెంట్రుకవాసి ఆలస్యం చేస్తుంది, ఆ వెంట్రుకవాసికే పలక పగులుతుంది. మోటారు పని ముందు చూసి, తక్కినవన్నీ తర్వాత చూసే కెర్నెల్‌ను నేనే తయారు చేయాలి. ఆ కాలంలో ఇలాంటి పనులు చేసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అది గంటా అరగంటా పని కాదు. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే, మధ్యలో కరెంటు పోకుండా ఉంటే, సాయంత్రం నాలుగుకు అయ్యేది. ఎక్కించి, ఆపి, లేపి, ఏ కెర్నెల్ నడుస్తోందని అడిగితే ఆ మిషన్ పాత కెర్నెల్ నంబరే చూపించేది. పలక మళ్ళీ పగిలేది.

నాకు ప్రతిదీ వరుసగా రాసుకునే అలవాటు. రూళ్ళ నోటుబుక్కులో అనుమానాలు రాసి ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాను. ఫైలు సరిగా తయారైందా, చేరాల్సిన చోటికి చేరిందా, లేచేటప్పుడు చదివే పట్టీలో దాని పేరు ఉందా, పేరులో అక్షరం తప్పిందా, అలా పదహారు. పదహారూ సరిగ్గానే ఉన్నాయి. డిస్కుల జాబితాలో ఒక చిన్న డిస్కు అదనంగా కనిపించింది కానీ, మిషన్ పెట్టెలో ఉండే మరేదో భాగమనుకుని దాన్ని వదిలేశాను. మార్కాపురంలో ఈ గొడవ చెప్పుకోవడానికి నాకెవరూ లేరు. కెర్నెల్ అన్న మాట పలికితే ఏమిటని అడిగేవాళ్ళు కూడా లేరు. షెడ్డులో పలకలు కోసే ఆడవాళ్ళు నేను చేరిన కొత్తలో మధ్యాహ్నం అన్నానికి పిలిచారు. పని ఉందన్నాను. రెండోసారి కూడా అదే అన్నాను. మూడోసారి పిలవలేదు. నాయన వారానికొకసారి ఫోన్ చేసి మిషన్ తిరుగుతోందా అని అడిగేవాడు, తిరుగుతోందనే చెప్పేవాణ్ణి. ఆయన అప్పటికే గొర్రెలు మేపే తోటివాళ్ళందరికీ మావాడు మార్కాపురంలో మిషన్ నడుపుతున్నాడని చెప్పుకున్నాడు.

పదో రోజున మామ వచ్చి, గోడకు చేర్చి పెట్టిన పగిలిన పలకల వైపు చూసి, శనివారం దాకా చూస్తానని, ఆ పైన మిషన్‌ను అమ్మినవాడికే తిప్పి పంపుతానని చెప్పాడు. మిషన్ పోతే నేను కూడా పోవలసిందేనని ఆయన అనలేదు, అనవలసిన అవసరమూ లేదు. అప్పటికి గురువారం.

మర్నాడు పొద్దున, వెనకాల తీగలేమైనా వదులయ్యాయేమోనని కంప్యూటర్ను ముందుకు లాగబోయాను. షెడ్డు ఊడ్చే అవ్వ చీపురు పక్కన పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ మూట జాగ్రత్త నాయనా. అది ఊడిందంటే ఇది లేవదు."

"ఏ మూట అవ్వా?"

"ఇన్ని దినాల్నుంచి దీని ముందరనే కూర్చోని ఏ మూట అంటావేంది? దసరాకు నేను కట్టినాను గదా. లోపల ఏలంత పుల్ల ఉంటాది. దాన్ని పీకి పసుపు రాస్తే, పొద్దుగూకేదాకా ఇది నల్లగా కూర్చున్నాది. మీ మామ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినాడు. మళ్ళా పెడితే లేచింది."

ఆ ఫ్యాక్టరీలో దసరాకు కోత మిషన్లన్నిటికీ పసుపు గుడ్డ ముడివేసి కడతారు, మళ్ళీ దసరా దాకా దాన్నెవరూ విప్పరు. కంప్యూటర్ వెనకాల ఉన్న ముడిని నేను మొదటి రోజే చూశాను. పరాయి ఊరివాడైతే అప్పుడే విప్పి చూసేవాడేమో. పూజ చేసి కట్టిన ముడి మీద చెయ్యి వేయకూడదని చిన్నప్పటినుంచి పెరిగినవాణ్ణి, అది నా పదహారు అనుమానాల్లోకి రానే లేదు.

అవ్వనే విప్పమన్నాను. లోపల పసుపు పట్టిన పెన్ డ్రైవ్. కంప్యూటర్ డిస్కు తనంతట తాను లేవడం మానేసిందని, మిషన్ బిగించడానికి వచ్చినవాడు లేపే భాగాన్ని, దానితోపాటు కెర్నెల్‌ను కూడా అందులో పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మిషన్ ప్రతిసారీ దాన్ని చూసి లేస్తుంటే, నేను పదకొండు రోజులూ కొత్త కెర్నెల్‌ను అది చదవని చోట పెడుతూ వచ్చాను.

"అడిగుంటే చెప్పకపోదునా," అంది అవ్వ. "ఇంజనీరువి, నీకు తెలవదని నాకేం తెలుసు? నోరు విప్పితే గదా నువ్వు."

కొత్త కెర్నెల్‌ను పెన్ డ్రైవ్‌లోకి చేర్చి లేపాను. ఈసారి కొత్త నంబరు వచ్చింది. ఒక పలక పెట్టి 'అ' అక్షరం చెక్కించాను. ఉలి వణకలేదు. అవ్వ పలకను చేతిలోకి తీసుకుని, కోత సరిగా వచ్చిందో లేదో పలకల పనివాళ్ళు చూసే పద్ధతిలో, అక్షరం అంచు వెంట బొటనవేలు నడిపి, బాగుందన్నట్టు తలాడించి, పెన్ డ్రైవ్‌కు మళ్ళీ గుడ్డ చుట్టి ముడి వేసింది. నేను వద్దనలేదు. శనివారం మామ వచ్చి చూసి, పగిలిన పలకలను బయట పారబోయించమని మాత్రం చెప్పాడు.

ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేసి మిషన్ తిరుగుతోందని చెప్పాను. వారం వారం విన్నదే కనుక ఆయన మంచిదన్నాడు, ఈనిన గొర్రెల సంగతి చెప్పాడు. పదకొండు రోజులుగా సరిగా తిరగలేదని చెప్పి ఉంటే, ఇప్పుడు తిరుగుతోందన్న మాటకు ఆయన ఎంత సంతోషించేవాడోనని బస్టాండు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు నా ఫోన్ తన కెర్నెల్‌ను తానే మార్చుకుంటుంది, ఎప్పుడు మార్చుకుందో నేను గమనించను కూడా. ఏదైనా అడ్డం తిరిగితే తెరనే అడుగుతాను. అది ఓపికగా, మర్యాదగా చెబుతుంది. నీకు తెలవదని నాకేం తెలుసు అని వెక్కిరించదు. ఇలా ఎవరినీ అడగనక్కరలేకుండా బతకాలనే ఆ రోజుల్లో కోరుకున్నాను, ఆ కోరిక పూర్తిగా తీరింది. మధ్యాహ్నం ఒంటిగంటకు డబ్బా వేడి చేసుకుని మళ్ళీ తెర ముందే కూర్చుంటాను. అన్నానికి ఎవరైనా పిలిస్తే ఈసారి లేచి వెళదామనే ఉంది కానీ, ఇంట్లోనే ఆఫీసు పని చేసుకునే ఈ గదిలో పిలిచేవాళ్ళెవరూ లేరు.