కునుకు పూర్ణాంగీకారం

ఇది చదివి మీరు నవ్వుతారు. నవ్వండి, మా అక్క తప్ప అప్పుడు అందరూ నవ్వారు. నన్ను కన్న మా అవ్వ పోతే, ఆమె గొంతును ఫోన్‌లో దాచుకుని, దాన్ని పట్టపగలు సొంత తలకాయ ఊపి మరీ పోగొట్టుకున్న మహానుభావుడిని నేను.

మాది నస్పూర్. బొగ్గుబాయిలో పని, అదీ ఎక్కువగా నైట్ షిఫ్టు. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు అన్నవాడు నైట్ షిఫ్టు చేసి ఉండడు. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే ఎండ, కోళ్లు, పక్కింటి కుక్కరు, కూరగాయల బండి మైకు. కన్ను మూతపడిందో లేదో ఏదో ఒకటి లేపేది. అవ్వ ఉన్నప్పుడే డాక్టర్ దగ్గరికి పోయాను.

"నిన్ను లేపుతున్నదేందో ముందు తెల్వాలె. పండుకునేటప్పుడు ఫోన్ల రికార్డు పెట్టి, తర్వాత విను" అన్నాడాయన.

రోజూ పెట్టాను. వినడం మాత్రం జరగలేదు. విందామని కూర్చుంటే నిద్రొచ్చేది.

ఆ రికార్డింగులన్నీ 'పగలు' అనే ఫోల్డర్‌లో వేశాను, నేను పడుకునేది పగలు కాబట్టి. సాయంత్రం అవ్వ నాకు టిఫిన్ కడుతూ చర్చి పాటలు పాడేది. వాటినీ రికార్డు చేసి 'రాత్రి' అనే ఫోల్డర్‌లో వేశాను, డ్యూటీకి పోతూ వినేవాణ్ణి కాబట్టి. నాలాంటివాడికి ఇంతకంటే సక్రమమైన పద్ధతి లేదు. లోకంలో మిగతావాళ్లు రాత్రిపూట పడుకుంటారన్న సంగతే నాకు తట్టలేదు.

అవ్వ పోయి ఏడాదైంది. ఆదివారం ఇంట్లో జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నాం. కరీంనగర్ నుంచి అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, అవ్వ పాటలు అందరికి వినిపియ్యాలె. స్పీకర్ నేను తెస్తున్న. పాటలు నీ దగ్గర్నే ఉన్నయి, పైలం."

"ఫికర్ చెయ్యకక్కా."

శనివారం అక్క పంపిన ఫోటోలు దిగక ఫోన్ మొరాయించింది. జాగా లేదట. డ్యూటీ దిగి, కళ్లకు బొగ్గు మసితోనే సలీం భాయ్ మొబైల్ దుకాణానికి పోయాను.

"భాయ్, నా నిద్ర రికార్డింగులన్ని తీసెయ్యి."

"బైఠో అన్నా" అని స్టూలు చూపించాడు. నైట్ షిఫ్టు చేసొచ్చినవాడికి స్టూలు చూపించకూడదు.

తర్వాతి కథ సలీం భాయ్ చెప్పగా నేను విన్నదే.

"అన్నా, రెండు పెద్ద ఫోల్డర్లున్నయి. పగలొకటి, రాత్రొకటి. నిద్రంటే రాత్రిదే గదా?"

నా తల కిందికి వంగింది.

"మొత్తం తీసెయ్యాల్నా?"

మళ్లీ వంగింది.

"తీసేస్తే తిరిగి రావు మల్ల. పక్కానా?"

ఈసారి గడ్డం రొమ్ముకు తగిలేదాకా వంగిందట. మౌనం అర్ధాంగీకారమంటారు గానీ, కునుకు పూర్ణాంగీకారమని నాకెవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి చూసుకుని, వెనక్కి పరుగెత్తాను. "భాయ్, మా అవ్వ పాటలు పోయినయి."

"నువ్వే తలూపినవ్ గదన్నా" అన్నాడు. నాకంటే ఎక్కువ పరేషానై, తెలిసిన తిప్పలన్నీ పడ్డాడు పాపం. ఒక్క పాటా రాలేదు. దుకాణంలోనే ఏడ్చాను. ఆ రోజు నిద్ర కూడా రాలేదు.

ఆదివారం ప్రార్థన అయింది. చుట్టాలంతా చాపల మీద కూర్చున్నారు. అక్క స్పీకర్ కలిపింది.

"పెట్టు తమ్మీ."

"లేవక్కా."

"ఏంది, లేవా? యాడికి పోయినయి?"

"తలూపిన" అన్నాను. అంతా చెప్పాను.

అక్క తిట్టలేదు. "అవ్వది గొంతొక్కటే మిగిలె. గదీ దక్కనియ్యకపోతివి" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఎన్నేళ్లు బాయిలో దిగినా అంత లోతుకు ఎప్పుడూ దిగలేదు.

నమ్మకం లేక అక్కే ఫోన్ లాక్కుంది. మిగిలిన 'పగలు' ఫోల్డర్ నొక్కింది. స్పీకర్‌లోంచి నా గురక ఇల్లంతా నిండింది. పాస్టర్ గారు నవ్వు ఆపుకోవడానికి మళ్లీ కళ్లు మూసుకున్నారు. బంద్ చేద్దామని నేను లేచేలోపు గురక వెనక కూరగాయల మైకు వినిపించింది, దాన్ని మించి ఇంకో గొంతు.

"ఓ కూరగాయలాయనా, మైకు బంజెయ్యవయ్యా. నా కొడుకు నైట్ షిఫ్టు జేసొచ్చి పండుకున్నడు. జర సోంచాయించవా?"

మైకు కంటే అవ్వ గొంతే పెద్దది. గురక ఠక్కున ఆగింది.

"ఏందవ్వా?" అని నా నిద్రగొంతు.

"ఏం లేదు బిడ్డా, నువ్వు పండుకో."

ఇంకోదాంట్లో కోడిని తిడుతోంది. మరోదాంట్లో పక్కింటి కుక్కరును. ప్రతిసారీ ఆమె అరుపుకే నేను లేస్తున్నాను. చుట్టాలు పడీపడీ నవ్వారు. అక్క కళ్లు తుడుచుకుని, "ఇంకోటి పెట్టు" అంది.

డాక్టర్ అడిగినదానికి జవాబు అలా దొరికింది. నన్ను లేపింది మా అవ్వే. ఇప్పుడు ఇంట్లో అరిచేవాళ్లు లేరు. కూరగాయలాయన మా వాకిలి దగ్గర ఇప్పటికీ మైకు ఆపే పోతాడు. అయినా నిద్ర రాదు.

అందుకని మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. డ్యూటీ దిగి ఏ స్టూలు మీదా కూర్చోను. దేనికైనా నోటితో ఒప్పుకుంటాను తప్ప తల ఊపను. ఆ ఫోల్డర్‌కు 'అవ్వ' అని పేరు మార్చాను. పొద్దున ఇంటికొచ్చి దాన్ని పెట్టుకుని పడుకుంటాను. అవ్వ అరిచి లేపుతుంది. "ఏం లేదు బిడ్డా, నువ్వు పండుకో" అన్నాక గానీ నాకు నిద్ర పట్టదు.