నేను సగం దాకా ఎక్కిన బండ

ఆ రోజుల్లో ఏ పనైనా సగం చేస్తే చాలు, మిగతా సగం దానంతట అదే అయిపోతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. సంగీతం సరళీ స్వరాల దాకా నేర్చుకున్నాను. కరాటే పసుపు బెల్టు దాకా వెళ్లింది. ఈత అయితే కొలను మెట్లు పట్టుకుని కాళ్లాడించడం దగ్గరే ఆగింది. ఉత్సాహంగా మొదలుపెట్టిన ఊలు స్వెటర్‌కి ఒక చెయ్యి వచ్చింది, రెండోది రాలేదు (ఆ ఒంటిచేతి స్వెటర్ ఇప్పటికీ మా ఇంట్లో మిక్సీ మీద కప్పి ఉంటుంది). మా నాన్న అయితే నా అసలు పేరు మర్చిపోయి, "మా అర్ధాంతరంగారు లేచారా? కాఫీ అన్నా పూర్తిగా తాగుతారా?" అని అడిగేవారు. నేను నవ్వేసేదాన్ని. నవ్వేసి, కప్పులో సగం కాఫీ వదిలేసి వెళ్లిపోయేదాన్ని.

ఇలాంటి నాకు దేవుడు ఇచ్చిన మొదటి ఉద్యోగం ఏమిటంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కౌంటర్‌లో కూర్చుని, కోర్సు మధ్యలో మానేస్తామని వచ్చేవాళ్లకి నచ్చజెప్పి మళ్లీ క్లాసుకి పంపడం. "మధ్యలో వదిలేస్తే జీవితంలో ఏదీ సాధించలేం" అని రోజుకి పదిసార్లు చెప్పేదాన్ని, అదీ కళ్లు పెద్దవి చేసి మరీ. ఒకరోజు నల్గొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న అమ్మాయి నా ఉపన్యాసం అంతా ఓపిగ్గా విని, "మేడమ్, ఏమనుకోకుండ్రి, ఒక మాట అడుగుత. మీరు ఏదన్న ఒకటి ఆఖరి దాక చేసిన్రా?" అంది. నేను "టీ తాగుతావా?" అన్నాను. ఆ పిల్ల క్లాసుకి వెళ్లిపోయింది కానీ ఆ ప్రశ్న మాత్రం నా కౌంటర్ మీదే కూర్చుంది.

ఆ సాయంత్రమే టీ కొట్టు గోడ మీద ఒక కాగితం కనబడింది. ఆదివారాలు బండలెక్కడం నేర్పుతారట, ఎల్బీనగర్ చౌరస్తాలో పొద్దున్నే కలవాలట, భయం ఉన్నవాళ్లకి ముందు అవకాశమట. నాకంటే అర్హులు ఈ ఊళ్లో ఇంకెవరుంటారని పేరు ఇచ్చేశాను. ఇంట్లో మాత్రం యోగా క్లాసు అని చెప్పాను. పళ్ల మార్కెట్ అప్పటికి ఇంకా గడ్డిఅన్నారంలోనే ఉండేది కాబట్టి, తెల్లవారే మామిడిపళ్ల వాసన మధ్య నుంచి నడుచుకుంటూ, రాబోయే ఆరోగ్యాన్ని తలుచుకుంటూ బయల్దేరాను.

మా గురువుగారిని అందరూ తాడన్న అనేవారు. వారంలో ఆరు రోజులు ఎత్తైన భవనాలకి తాళ్లతో వేలాడి అద్దాలు తుడవడం ఆయన పని, ఏడో రోజు మాలాంటివాళ్లని వేలాడదీయడం ఆయన సరదా. నల్గొండ దగ్గర పల్లెలో వాళ్ల నాన్న కల్లు గీసేవారట. నడవడం వచ్చాక ఎక్కడం నేర్చుకున్నాడో, ఎక్కడం వచ్చాక నడవడం నేర్చుకున్నాడో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. అబ్దుల్లాపూర్‌మెట్ దాటి కొంచెం లోపలికి వెళ్తే మూడంతస్తుల ఎత్తున ఒక నల్లరాతి బండ. తాడన్న వెనక వైపు నుంచి నడిచి పైకెళ్లి తాడు కట్టి వచ్చేవాడు. ఆ తాడు ఒక కొస మన నడుముకి, రెండో కొస కింద ఆయన చేతిలో. మనం జారినా పడం, ఊగుతాం అంతే. ఇదంతా నా బుర్రకి అర్థమైంది. నా కాళ్లకి ఎవరూ చెప్పలేదు.

"బండను గట్ల కావలించుకోకు చెల్లె. కావలించుకుంటే కాలు జారుతది. జర ఎనకకు జరుగు, బరువు కాళ్ల మీద ఎయ్యి" అని కింద నుంచి తాడన్న అరిచేవాడు. "మూడు పట్టుకోని ఉండాలె, నాలుగోదే కదలాలె!" నేను రెండు చేతులూ రెండు కాళ్లూ, నాలుగూ పట్టుకుని, చెంప కూడా ఆనించి, వీలైతే పళ్లతో కూడా పట్టుకుందామని చూసేదాన్ని. సరిగ్గా బండ మధ్యలో పాదం పట్టేంత చిన్న గట్టు ఉంది. అక్కడికి చేరగానే నోట్లోంచి "చాలన్నా, దించెయ్" అని వచ్చేసేది. దించేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు. ఇలా అయిదు ఆదివారాలు. నాతోపాటు చేరినవాళ్లంతా పైకెళ్లి ఫోటోలు దిగుతుంటే, నేను కింద వాళ్ల వాటర్ బాటిళ్లకి కాపలా కాసేదాన్ని. వాళ్లతో కలిసి నవ్వేదాన్ని కానీ, తిరుగు దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే ఏడుపొచ్చేది. ఇది కూడా స్వెటర్ అయిపోతుందేమోనని నిజంగానే భయం వేసింది.

అయిదో వారం అమ్మ నా మోచెయ్యి చూసింది. "ఏవిటే ఇది? ఏ ఆసనంలో మోచెయ్యి ఇలా గీరుకుపోతుంది?" అని నిలదీసింది. నిజం చెప్పేశాను. అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "బండలా! డాబా మీద బట్టలారెయ్యమంటే కళ్లు తిరుగుతున్నాయనేదానివి కదే!" అంది. మానెయ్యమంటుందనుకున్నాను (కొంచెం ఆశపడ్డాను కూడా, నేరం అమ్మ మీదకి పోతుంది కదా). అమ్మ మానెయ్యమనలేదు. మా వాళ్లది కృష్ణాజిల్లా. కొత్త స్కూటర్ కొన్నా, కొత్త గ్యాస్ పొయ్యి కొన్నా పసుపు కుంకుమ పడందే మా ఇంట్లో దానికి పని మొదలవదు. ఆదివారం పొద్దున్నే క్యారేజీ నిండా పులిహోర, సంచిలో కొబ్బరికాయ, బంతిపూలు, పసుపు కుంకుమలతో తయారైంది. "పద, నేనూ వస్తాను. అంత పెద్ద బండ, పూజా పునస్కారం లేకుండా కాలు పెడితే ఎలా ఊరుకుంటుంది?" అంది.

బండ మొదట్లో నీళ్లు చల్లి, పసుపు రాసి, బొట్లు పెట్టి, అమ్మ కొబ్బరికాయ కొట్టింది. తర్వాత రెండు చేతులూ బండకి ఆనించి, పొరుగావిడతో మాట్లాడుతున్నట్టుగా అంది. "అమ్మా, మా పిల్ల సగంలో వదిలేసే రకం. నువ్వు మాత్రం దాన్ని వదలకు." నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తాడన్న మాత్రం హెల్మెట్ తీసి దండం పెట్టి, "మంచిపని చేసిన్రమ్మ" అన్నాడు. ఆ రోజు కూడా నేను గట్టు దాకానే ఎక్కాను. అమ్మ పులిహోర కొంచెం ఎక్కువ వడ్డించింది. ఇంటికొచ్చాక తెలిసింది, కొబ్బరిచిప్పలు పెట్టిన స్టీలు పళ్లెం అక్కడే మర్చిపోయిందని. అది గృహప్రవేశానికి కొన్నది, అంచున నాన్న పేరు చెక్కించినది. పేరు చెక్కించిన పళ్లెం పోవడమంటే అమ్మ దృష్టిలో ఇంటి మనిషి తప్పిపోవడమే.

అందుకే మరుసటి ఆదివారం కూడా అమ్మ పులిహోర క్యారేజీ పట్టుకుని నాతో వచ్చింది. వచ్చి చూద్దుం కదా, బండ చుట్టూ ముగ్గులు! కింది భాగమంతా సున్నం కొట్టి ఎర్రబొట్లు పెట్టారు. వేపమండలు, దీపాలు, బోనాలతో పక్క ఊరి ఆడవాళ్లు. అట్టముక్క మీద "చెప్పులు విడువవలెను" అని రాసి ఉంది. అమ్మ వెంటనే చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, భక్తిగా చెంపలేసుకుంది. "చూశావుటే, ఇక్కడ అమ్మవారున్న సంగతి మనకి తెలియనే లేదు! ఎంత మహిమో!" అంది. నేను వేలు చూపించాను. దీపాల మధ్యలో, పూల కింద, మా నాన్న పేరు మెరుస్తోంది. అమ్మ మొహంలో రంగు పోయింది. "అయ్యో రామ, అది మన పళ్లెమే" అని నా చెవిలో గుసగుసలాడింది.

బండ పక్కన చేతికర్రతో ఒక ముసలావిడ కూర్చుని ఉంది, ఊరంతా పెద్దమ్మ అని పిలుస్తున్నారు. తాడన్న వినయంగా దగ్గరికెళ్లి, "పెద్దమ్మా, ఇది ఎప్పటి సంది దేవత?" అన్నాడు. "పోయిన ఐతారం సంది. మైసమ్మ బండ ఇది. బూట్లేసుకొని ఎక్కుతమంటె ఊకునేది లేదు" అందావిడ. మా బృందం మొహాలన్నీ వాడిపోయాయి. బండ పోయింది, పోగొట్టింది మా అమ్మ. అందరూ మర్యాదకి నన్ను చూడకుండా ఆకాశం చూస్తున్నారు. పెద్దమ్మ చేతికర్ర నేలకి తాటించి, "ఉట్టి కాళ్లతోని ఎక్కితె తప్పు లేదు. గని ముందుగాల మీద జెండా కట్టాలె. పూజ మొదలుపెట్టినోళ్ల ఇంటోళ్లే కట్టాలె. పళ్లెం ఎవరిది?" అంది. అమ్మ ఒక్క క్షణం తటపటాయించలేదు. "మాదేనమ్మా. మా అమ్మాయి కడుతుంది" అంది, నేను రోజూ అలాంటివి పది కడుతున్నట్టు.

"వెనక వైపు దారి ఉంది కదా..." అని గొణిగాను. "ఎనక నుంచి పోయి కడితె దొంగతనం లెక్కుంటది. ముంగట నుంచే పోవాలె, అందరు చూస్తుండంగ" అని పెద్దమ్మ తేల్చేసింది.

నడుముకి తాడు, దోపుకున్న ఎర్ర జెండా, ఉత్త కాళ్లు. తాడన్న నా దగ్గరికొచ్చి, "మా నాయినకు జిందగీల బూట్లు లేవు చెల్లె. కాలికి అన్నీ తెలుస్తయనేటోడు. చూడకు, తెలుసుకో" అన్నాడు. మొదటి అడుగు వేశాను. రాయి పొద్దుటెండకి గోరువెచ్చగా ఉంది. ఆరు వారాలు ఎక్కినా ఆ బండ గరుకు ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. వేళ్ల కింద చిన్న చిన్న బొడిపెలు తగులుతున్నాయి, తగిలిన చోట కాలు నిలుస్తోంది. గట్టు వచ్చింది. అలవాటు ప్రకారం "చాలన్నా" గొంతు దాకా వచ్చింది. కిందికి చూశాను. తాడన్న తాడు మీదే కళ్లు పెట్టి నిలబడ్డాడు. ఊరి ఆడవాళ్లు తలలెత్తి చూస్తున్నారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి మా అమ్మ మాట్లాడకుండా ఉంది. ఆ నిశ్శబ్దం నన్ను భయపెట్టినంతగా ఎత్తు కూడా భయపెట్టలేదు. నడుము కొంచెం వెనక్కి వంచాను. బరువు కాళ్ల మీద పడింది. కాలు జారలేదు! ఎడమ కాలు, కుడి చెయ్యి, కుడి కాలు. ఏడుస్తూనే ఎక్కాను, ఆ సంగతి కిందికి కనబడి ఉండదు. ఇంకో పట్టు కోసం చెయ్యి చాచితే అక్కడ బండ లేదు, గాలే ఉంది.

పైన కూర్చుని ఎంతసేపు చూశానో తెలియదు. దూరంగా విజయవాడ రోడ్డు మీద లారీలు తాపీగా పోతున్నాయి. "అమ్మా! అయిపోయింది!" అని అరిచాను. కింద నుంచి వెంటనే జవాబు వచ్చింది. "జెండా సగం కట్టి రాకే! గట్టిగా కట్టు!"

పులిహోర ఊరందరికీ కడుపునిండా సరిపోలేదు కానీ అందరికీ తలా పిడికెడు అందింది. విస్తరాకు ఇస్తుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇగ సగంల ఇడువవు గద బిడ్డా?" అంది మెల్లగా. నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడకి ఆ మాట ఎవరు చెప్పారు? "పోయిన ఐతారం మేకలతోని బండెనకనే ఉన్న. మీ అమ్మ మొక్కింది ఇన్న" అని, నవ్వి, పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ తర్వాత మా నాన్న నన్ను అసలు పేరుతో పిలవడం మొదలుపెట్టారు (మొదట్లో నేను పలికేదాన్ని కాదు, అలవాటు తప్పి). పళ్లెం అమ్మవారి దగ్గరే ఉండిపోయింది. మా బృందం ఆ బండని ఇప్పటికీ ఉత్త కాళ్లతోనే ఎక్కుతుంది. ఆదివారాలు నేనూ కొత్తవాళ్లకి తాడు పట్టుకుంటాను. స్వెటర్ రెండో చెయ్యి మాత్రం అడగకండి.

మొన్న ఒక అమ్మాయి సరిగ్గా ఆ గట్టు దగ్గరే ఆగిపోయి, "చాలక్కా, దించేయండి" అంది. ఒక్క మాట అనకుండా దించాను. ఆ పిల్ల తల వంచుకుని అందరి వాటర్ బాటిళ్ల దగ్గరికెళ్లి కూర్చుంది. ఎవరూ చూడకుండా పసుపు రాసిన చోట రెండు చేతులూ ఆనించి, "ఈ పిల్లని కూడా వదలకు" అన్నాను. అన్నాక వెనక మేకలు గానీ ఉన్నాయేమోనని ఒకసారి తొంగిచూసి, నాలో నేనే నవ్వుకున్నాను.