రెండు గీతల మధ్య గోరంత తెలుపు

యాభై దాటాక చెయ్యి కొత్త పని నేర్చుకోదంటారు. నేర్చుకుంటుంది. కాకపోతే రోజూ సాయంత్రం యజమానిని తిట్టుకుంటూ నేర్చుకుంటుంది. నీళ్ళ సరఫరా ఆఫీసులో నక్షాలు గీసే స్కేలక్క విషయంలో అదే జరిగింది. ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏ గదిలోకి వెళ్ళినా చేతిలో స్టీలు స్కేలు ఉండేది కాబట్టి అందరికీ ఆమె స్కేలక్కే. పై అధికారులు కూడా ఆ పేరుతోనే పిలిచి, నాలిక కరుచుకుని వెనక 'గారు' తగిలించేవారు.

నక్షాల గది మేడ మీద ఉత్తరం వైపు ఉండేది. ఏటవాలు బల్లలు, ఎత్తు స్టూళ్ళు, గోడ పొడవునా వెడల్పాటి సొరుగులు. ఊళ్ళో ప్రతి వీధి కింద ఉన్న గొట్టాలన్నీ ఆ సొరుగుల్లో ఇంకు గీతలై పడుకుని ఉండేవి. ఒకప్పుడు అక్కడ స్టూలు దొరకాలంటే ఎవరో ఒకరు సెలవు పెట్టాలి. ఒక్కొక్కరే రిటైరై దిగిపోగా చివరికి ఆమె మిగిలింది. ఆ ఏడాది బల్లలు కూడా ఎత్తేసి కంప్యూటర్లు పెట్టారు. ఇకపై పటాలన్నీ వాటిలోనే అన్నారు. ఆమెతోపాటు పక్క సెక్షన్ల నుంచి ఇద్దరిని కూర్చోబెట్టి, నెలాఖరుకల్లా ఎవరి వార్డు పటం వాళ్ళు తయారుచేసి ఇంజనీరుగారి చేత ఒప్పించుకోవాలన్నారు. ఒప్పించుకోలేకపోతే బదిలీ. ఆమెకు రాసిపెట్టింది నది అవతల పంపుహౌసు.

పంపుహౌసుకు రెండు బస్సులు మారాలి. తెల్లారకముందే బయల్దేరితే దీపాలు పెట్టాక తిరిగి రావడం. ఆమెకు బస్సులంటే భయం లేదు. భయమంతా మధ్యాహ్నం గురించే. ఇల్లు ఆఫీసు వెనక సందులో ఉంది. భోజనం వేళకు ఒక్క పరుగున వెళ్ళి అత్తగారిని మంచం మీంచి లేపి, బాత్రూముకు తీసుకెళ్ళి, మందులు మింగించి, నాలుగు మెతుకులు పెట్టి, పక్క మార్చి మళ్ళీ పరుగున వచ్చేది. తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ముసలావిడకు చెయ్యి పట్టి లేపే మనిషి లేనిదే గడవదు.

ముసలావిడ కొడుకు పోయాక ఆ ఇంట్లో అత్తకు కోడలు, కోడలికి అత్త మిగిలారు. ఒకరంటే ఒకరికి ప్రేమేనా అని ఎవరైనా అడిగితే ఇద్దరూ నవ్వి ఊరుకునేవారు. ఆడపడుచు మాత్రం ఎప్పుడు ఫోను చేసినా ఒకటే మాట.

"ఎందుకొదినా నీకీ అవస్థ? అమ్మను నేను తీసుకెళ్తాగా. నీ ఒళ్ళు చూసుకో కాస్త."

మనసులో కల్మషం లేని మనిషే. ఐదో అంతస్తులో చక్కటి ఇల్లు, పగలంతా పనిమనిషి. ఫోను పెట్టేశాక అత్తగారు కిటికీ వైపు తిరిగి అనేది: "దానింట్లో నాకేం లోటుండదే. పోట్లాడ్డానికి మనిషుండదు, అంతే."

ఆ మాట విన్న మర్నాడు కోడలు అందరికంటే ముందు వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చునేది.

నేర్పడానికి వచ్చిన అమ్మాయి ఆమెకు కూతురుంటే ఆ వయసు. ఈమె ఆ అమ్మాయిని మేడం అనేది, ఆ అమ్మాయి ఈమెను ఆంటీ అనేది. ఇద్దరికీ అది కాస్త ఇబ్బందిగానే ఉండేది.

"మౌస్ పారిపోదు ఆంటీ. వదులుగా పట్టుకోండి."

"వదిలితే బాణం గుర్తు ఎటో పోతోంది మేడం."

"పోనీండి. మనమే వెతుక్కుందాం."

మొదటి పాఠం పొరలు. వీధులు ఒక పొర, ఇళ్ళు ఒక పొర, గొట్టాలు ఒక పొర. ఒకదాని మీద ఒకటి పరిస్తే పటం. ఇది ఆమెకు కొత్త కాదు. పలచని ట్రేసింగు కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి, మూలలకు గుండుసూదులు గుచ్చి బతికిన మనిషి. కొత్తదల్లా గుండుసూది లేకపోవడమే. తరవాత చుక్క, గీత, గడి. గొట్టం మూసే వాల్వు చుక్క. గొట్టం గీత. వార్డు గడి. దేన్ని గీయాలన్నా ముందు అది ఈ మూడింట్లో ఏదో చెప్పాలి. చెప్పకపోతే యంత్రం ఊరికే చూస్తూ కూర్చుంటుంది.

మూడో పాఠంలో గొట్టాలు మాయమయ్యాయి. పొద్దున్నుంచి గీసిన వీధి మొత్తం కనపడకుండా పోయింది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మాయి వచ్చి పటాన్ని దూరం జరిపింది. ఊరు చిన్నదైంది, దేశం చిన్నదైంది, నీలం రంగు పరుచుకుంది. ఆ నీలం మధ్యలో వెంట్రుక ముక్కలాంటి గీత.

"మీ గొట్టాలు ఎక్కడికీ పోలేదు ఆంటీ. సముద్రంలో ఉన్నాయి."

భూమి గుండ్రం, పటం బల్లపరుపు. గుండ్రటిదాన్ని పరచడానికి పది పద్ధతులున్నాయి. మనం ఏ పద్ధతిలో పరిచామో ముందుగా చెప్పకపోతే యంత్రం తనకు తోచిన చోట పెడుతుంది. అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది. ఆ సాయంత్రం అత్తగారి కాళ్ళకు నూనె రాస్తూ ఆమె అదంతా అప్పజెప్పింది.

"నీళ్ళ గొట్టాలేగా," అంది అత్తగారు. "నీళ్ళలోకి పోక ఎక్కడికి పోతాయి?"

"నవ్వుతాలుగా ఉందా అత్తయ్యా? అవి దొరక్కపోతే నేను పంపుహౌసుకి, మీరు ఐదో అంతస్తుకి."

"అయితే దొరకబుచ్చుకో. మోకాలి దగ్గర గట్టిగా రాయి. నీ ధ్యాసంతా సముద్రంలోనే ఉంది."

దొరకబుచ్చుకుంది. పాత నక్షాను ఫోటో తీసి యంత్రంలోకి ఎక్కించారు. ఆకాశం నుంచి తీసిన ఊరి బొమ్మను కింద పెట్టారు. నీళ్ళ ట్యాంకు, వంతెన మూల, బడి గోడ, నాలుగు రోడ్ల కూడలి. నక్షాలో ఉన్న ఈ నాలుగింటినీ కింద బొమ్మలోని ఆ నాలుగింటి మీద నొక్కితే కాగితం సాగి, దుప్పటిలా సర్దుకుంది. ఇక ఆమె చెయ్యాల్సిందల్లా తన ఇంకు గీతల మీదుగా మౌస్‌తో మళ్ళీ గీత గీసుకుంటూ పోవడం. మెడ పట్టేసింది. కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. నక్షా మీద ప్రతి గీత పక్కనా చిన్న అక్షరాల్లో రాతలుండేవి. వాటిని కూడా ఎక్కించబోతే అమ్మాయి ఆపింది.

"రాతలు ఇప్పుడొద్దు ఆంటీ, పటం నిండిపోతుంది. ముందు గీతలు కానివ్వండి. వివరాలు తరవాత పట్టికలో ఎక్కిద్దాం."

సరేనంది. అలిసిన మనిషికి, ఒక పని తగ్గుతుందంటే కాదనబుద్ధి కాదు.

వార్డు పటం గడువు కంటే ముందే పూర్తయింది. తెర మీద నీలి గీతలు ఆకు ఈనెల్లా పరుచుకుని ఉంటే అమ్మాయి చప్పట్లు కొట్టినంత పనిచేసింది. ఇంజనీరుగారు వచ్చి చూసి బాగుందన్నాడు. పరీక్షగా ఒకటి చేద్దామన్నాడు. టైలరు షాపు దగ్గర గొట్టం కారుతోందని ఫిర్యాదు ఉంది. తవ్వేవాళ్ళకు కొత్త పటం ఫోనులో ఇచ్చి పంపుదాం, సరిగ్గా గొట్టం మీద తవ్వితే పటాన్ని ఒప్పుకున్నట్టే. అత్తగారికి ఆ మాట చెబితే ఆవిడ, "సరే, ఐదో అంతస్తు ఇంకొన్నాళ్ళు ఆగుతుందన్నమాట," అని అటు తిరిగి పడుకుంది. చాలాసేపు నిద్రపోలేదని మంచం కిర్రుమనడాన్ని బట్టి తెలుస్తూనే ఉంది.

మర్నాడు పది గంటల వేళ తవ్వకం మేస్త్రి నుంచి ఫోను వచ్చింది. ఆమె, అమ్మాయి కలిసి వెళ్ళారు. ఫోనులో నీలి గీత టైలరు షాపు మెట్ల కిందుగా పోతోంది. మెట్లు రెండు పగిలి ఉన్నాయి. నిలువు లోతు గొయ్యిలో ఒక మనిషి పార ఆనించుకుని నిలబడ్డాడు.

"ఇక్కడ గొట్టం లేదమ్మా," అన్నాడు మేస్త్రి. "చెట్టు వేర్లున్నాయి. వేర్లకు కుళాయి బిగిస్తే నీళ్ళొస్తాయంటే చెప్పండి, బిగిస్తా."

టైలరు పగలని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు వేలాడుతోంది. "రేపట్నించి గిరాకీలు ఎగిరి రావాలి కాబోలు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఆమె గొయ్యిలోకి చూసింది, రోడ్డు వైపు చూసింది. రోడ్డులో మురుగు గొట్టం మూత ఉంది. దాని పక్కన కొద్దిగా తడి. అప్పుడు అర్థమైంది.

ఆ వీధిలో మురుగు గొట్టం, నీళ్ళ గొట్టం జానెడు ఎడంగా పక్కపక్కనే పోతాయి. ఉన్నవి ఉన్నట్టు గీస్తే నక్షాలో రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడి నల్లటి మరకవుతాయి. ఆమె చేరిన మొదటి వారమే, పని నేర్పిన హెడ్డుగారు చెప్పాడు: "గీతకూ గీతకూ మధ్య గోరంత తెలుపుండాలి. చూసేవాడికి ఊపిరాడాలి." అందుకని నక్షాల గదిలో అందరూ గీతను గోరంత పక్కకు జరిపి గీసేవారు. ఆ నక్షాలో గోరంత అంటే నేల మీద మూడు మీటర్లు. అసలు గొట్టం గోడ నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో పక్కన చిన్న అక్షరాల్లో రాసేవారు. తవ్వేవాళ్ళు గీత చూసి వీధి ఏదో తెలుసుకునేవారు, రాత చూసి టేపు పరిచేవారు. గీత మీద స్కేలు పెట్టి కొలిచే మనిషి ఆ ఆఫీసులో పుట్టలేదు. యంత్రం మాత్రం గీతనే నమ్మింది. రాతలు ఇంకా సొరుగులోనే ఉన్నాయి.

ఈ ఒక్క వీధే కాదు. మురుగు, నీళ్ళు కలిసి పోయే ప్రతి వీధీ. ఆమె వార్డే కాదు, ఆ ఇద్దరూ గీసిన వార్డులు కూడా. ఒక్కో వీధిలో ఒక్కో వైపుకు, చోటు ఎటుంటే అటు జరిపిన గీతలు.

ఇంజనీరుగారి గదిలో అమ్మాయే ముందు నోరు విప్పింది. "నాలుగు మూలలు కలపడంలో తేడా వచ్చింది సార్. నేను సరిగా చూడలేదు. మొత్తం పటాన్ని మూడు మీటర్లు రోడ్డు వైపు జరిపితే సరిపోతుంది."

ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంతేనా? జరిపి ఇచ్చెయ్యండి. స్కేలక్కగారిది ఒప్పుకున్నట్టే రాసేస్తాను. ఏమంటారు?"

ఏమీ అనక్కర్లేదు. తలాడిస్తే చాలు. మధ్యాహ్నాలు మిగులుతాయి. ఆ మంచం, ఆ కిటికీ, ఆ పోట్లాట మిగులుతాయి. పటం జరిపితే ఆ ఒక్క వీధి కుదురుతుంది, మిగతావి ఎప్పుడు ఎవరు తవ్వితే అప్పుడు బయటపడతాయి. అప్పటికి ఆమె రిటైరైపోతుంది కూడా.

ఆమెకు న్యాయం, ధర్మం లాంటి పెద్ద మాటలేవీ తట్టలేదు. మెడలో టేపుతో మెట్టు మీద కూర్చున్న మనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఇకపై ఎక్కడ ఫోను మోగినా ఎవరి మెట్లు పగిలాయోనని ఉలిక్కిపడాలి. అబద్ధాన్ని మోయాలన్నా ఒంట్లో సత్తువుండాలి. ఆ సత్తువ ఆమె దగ్గర లేదు.

"మూలలు బాగానే కుదిరాయి సార్," అంది. "మేడం తప్పేం లేదు. మేమే గీతలు జరిపి గీశాం. అందరం. అప్పట్లో అదే పద్ధతి."

గోరంత తెలుపు సంగతంతా చెప్పింది. సొరుగులోంచి నక్షా తెచ్చి రాతలు చూపించింది. అమ్మాయి ఒక్కో అంకె చదువుతూ తల పట్టుకుంది. గీతలన్నీ రాతల ప్రకారం వీధి వీధికీ విడివిడిగా మళ్ళీ జరపాలి. కుదిరే పనే, కాని నెలాఖరుకు తెమిలే పని కాదు.

ఇంజనీరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ మాట వచ్చే నెల చెప్పకూడదా మీరు?"

"అప్పటిదాకా ఆగితే చెప్పేదాన్ని కాదు సార్."

"తేదీ నా చేతుల్లో లేదు. ఒప్పుకున్న పటం లేకపోతే బదిలీయే."

"తెలుసు సార్."

ముగ్గురికీ బదిలీ కాగితాలొచ్చాయి. మిగతా ఇద్దరూ ఆమెతో మాట్లాడటం మానేశారు. ఒకతను మెట్ల మీద ఎదురై, "మీకు నిజం అంత ముద్దొస్తే మీ ఇంట్లో పెట్టుకోవాల్సింది," అని దిగిపోయాడు. అందులో ఆమె కాదనగలిగింది ఏమీ లేదు.

అత్తగారికి ఆ మధ్యాహ్నమే చెప్పింది, అన్నం కలుపుతూ. ముసలావిడ ముద్ద మింగి, నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"దాన్ని ఆదివారం రమ్మను. నా దిండు మాత్రం నాదే కావాలి. వాళ్ళింట్లో దిండ్లు మెత్తగా ఉండి చస్తాయి."

ఆదివారం ఆడపడుచు, ఆమె భర్త వచ్చారు. అల్లుడు, కారు డ్రైవరు కలిసి ముసలావిడను కుర్చీతో సహా ఎత్తారు. గుమ్మం దగ్గర ఆవిడ ఇద్దరినీ ఆపి, గ్యాసు కట్టేశావా అని కోడలిని అడిగింది. కట్టేశానంది కోడలు. మళ్ళీ చూడమంది. చూసి వచ్చేసరికి కారు తలుపు వేసేశారు.

పంపుహౌసులో పగలంతా మోత. మాట వినపడాలంటే వరండాలోకి రావాలి. రెండో వారంలో ఒకరోజు భోజనం వేళకు ఫోను మోగితే ఆమె వరండాలోకి వచ్చింది.

"తిన్నావా?" అంది అత్తగారు.

"తింటున్నా. మీరు?"

"పెట్టారు. ఇక్కడి కిటికీలోంచి చూస్తే ఇంకో కిటికీ కనపడుతుందే. దాంట్లోంచి ఒకావిడ నన్ను చూస్తుంది. ఇద్దరం చూసుకుంటాం." కాస్త ఆగి, "ఇంతకీ ఆ పటం ఏమైంది?" అంది.

"మేడమూ, ఇంకెవరో కొత్తవాళ్ళూ సరిచేస్తున్నారట."

"నువ్వు చెప్పకపోతే ఏమయ్యేది?"

"ఎవరిదో గుమ్మం తవ్వేవాళ్ళు."

"మన గుమ్మం కాదుగా."

"మనది కాదు."

వరండాలోకి పంపు మోత వినపడుతూనే ఉంది.

"ఆదివారం వస్తావా?"

"వస్తా అత్తయ్యా."

"పొద్దున్నే రాకు. పడుకుని లేచి రా."