పూజకెక్కిన మేకు

మొన్న మా ఇంట్లో పాత ఫ్యాను మోటారు కాలింది. రాగితీగ మీది వార్నీషు మాడిన వాసనకి ఇంటిల్లిపాదీ ముక్కులు మూసుకుని కిటికీలు తెరుస్తుంటే, నేను మాత్రం కుర్చీ ఆ ఫ్యాను కిందికే జరుపుకుని కూర్చున్నాను. నాకది చదువు వాసన. బడిలో దొరకని చదువు.

అరవైల చివర సాలూరులో మా పెద్దమావకి లారీ షెడ్డుండేది. వానలు తగ్గుముఖం పట్టే రోజుల్లో ఒరిస్సా కొండల మీంచి దిగే లారీలు చింతపండు వాసననీ, తడిసిన మోకుల వాసననీ, కాలిన బ్రేకుల వాసననీ కలిపి మోసుకొచ్చేవి. బడి విడిచిపెట్టగానే నేనా షెడ్డులో మూల చేరి, పారేసిన డైనమోలు విప్పి తీగ చుట్టలు చుట్టుకుంటూ, అమ్మమ్మ పెట్టిన జంతికలు మసిచేతుల్తోనే నములుతూ కూర్చునేవాణ్ణి. బడిలోనూ అయస్కాంతం ఉంది, లేకపోలేదు. అద్దాల బీరువాలో ఉంది, బీరువాకి తాళం ఉంది, తాళంచెవి సైన్సు మేష్టారి జేబులో ఉంది. విద్యుదయస్కాంతం పాఠం నాడు ఆయన సుద్దముక్కతో బోర్డు మీద మేకు గీసి, దానికి తీగ చుట్టి, బ్యాటరీ తగిలించి, గుండుసూదులు కూడా ఆ బొమ్మకే అంటించేశారు. బీరువాలోది తీసి చూపించమంటే, "అరిగిపోతుందిరా" అన్నారు. చూస్తే అయస్కాంతం అరుగుతుందా? ఆ మాట మీద నాకు ఈనాటికీ కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

అందుకని నేనే చేసుకున్నాను. లారీ బాడీకి కొట్టే జానెడు మేకుకి డైనమో తీగ దగ్గరదగ్గరగా చుట్టి, రెండు కొసలూ పాత బ్యాటరీకి తాకిస్తే, నేలమీది ఇనప రజనంతా లేచొచ్చి మేకుకి గడ్డంలా వేలాడేది. ఒక కొస తీసేస్తే జలజలా రాలిపోయేది. మామూలు అయస్కాంతానికి పట్టుకోవడమే తెలుసు, దీనికి వదలడం కూడా తెలుసు. మావకి మాత్రం అది చెత్త. ఆయుధపూజ కోసం షెడ్డు కడుగుతూ, పండగ వెళ్లగానే నా మూలంతా పాత సామాన్లవాడి తట్టలోకి పోతుందని తేల్చి చెప్పేశాడు.

పూజ బాగా జరిగింది. స్పానర్లు, జాకీలు, సుత్తులు కిరసనాయిలుతో తోమి, పసుపు కుంకాలు పెట్టి అమ్మవారి పటం ముందు పేర్చారు. మర్నాడు పొద్దున్న హారతి అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టరాదు. ఆ హారతి కాగానే దశమి తొలి లోడు కదలాలి, అది తప్పితే ఆ బండికి ఏడాదంతా కలిసిరాదని షెడ్డంతా నమ్మేది. మావ పులిహోర, బూరెలు తిని ఊరుకోవచ్చు కదా. గ్రీజు పెట్టడానికి గేరురాడ్డు ప్లేటు విప్పి, ఆ కంతకి గుడ్డ కప్పి ఉంటే, నట్లు చేత్తో తగిలించి ఉంచుదామని ఆ బండి క్యాబిన్‌లోకి ఎక్కాడు. బూరెల నెయ్యి ఇంకా వేళ్లకే ఉంది. నట్టు జారి, గేరుబాక్సు నూనెలో బుడుంగున మునిగింది.

గేరుబాక్సు దింపాలంటే సామాను కావాలి, సామాను పూజలో ఉంది. రేపు మొదలెడితే రేపంతా దానికే సరి, తొలి లోడు పోయినట్టే.

"పండగనాడు పని ముట్టొద్దన్నానా?" అంది అమ్మమ్మ.

"నాను సామాను ముట్టనేదే, సేత్తోనే కదా."

"సెయ్యి సామాను కాదేటి?"

మావ నా మూలకొచ్చి, పాత స్పీకరులోని అయస్కాంతం తాడుకి కట్టి లోపలికి వదిలాడు. అది నట్టుని ఒగ్గేసి గేరు పళ్లని పట్టుకుంది. దాన్ని ఊడబెరకడానికి ఇద్దరు క్లీనర్లు కావలసొచ్చారు. అప్పుడు నేను మేకు చూపించాను. వెంటనే షెడ్డులో పెద్ద తగువు లేచింది: ఇది సామానా, కాదా? సామానైతే ఈ రోజు వాడకూడదు. అమ్మమ్మ మేకుని ఎండకేసి పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఇప్పటిదాకా ఏ పనీ సేసినట్టు నాను సూణ్ణేదు. ఆట వస్తువు. దించమను."

అంత అవమానమూ అంత అనుమతీ ఒక్క మాటలో నాకు మళ్లీ దొరకలేదు.

మేకుని వెదురుపుల్లకి కట్టి క్యాబిన్‌లో బోర్లా పడుకున్నాను. కింద బ్యాటరీ దగ్గర మావ తీగ పట్టుకు కూర్చున్నాడు. ఊరంతా భయపడే మావ, నేను తాకించమంటే తాకిస్తున్నాడు, తియ్యమంటే తీస్తున్నాడు. మేకు గేరుకి అంటుకున్నప్పుడల్లా తియ్యమనేవాణ్ణి, అది వదిలేసేది, పక్కకి జరిపేవాణ్ణి. తీగ వేడెక్కి వార్నీషు కమురు వాసన మొదలైంది.

"బేగి కానీరా, ఏళ్లు కాలతన్నాయి."

అంతలో పుల్లకి అడుగున టిక్కుమని తగిలింది. మెల్లగా పైకి లాగాను. నూనె ఓడుతూ మేకు చివర నట్టు. వచ్చిందని చెప్పానో లేదో, మావ సంబరంకొద్దీ తీగ వదిలేసి చూడ్డానికి లేచాడు. తీగ వదిలితే మేకు ఊరుకుంటుందా? అదీ వదిలేసింది. అరచెయ్యి కంతకి అడ్డం పెట్టాను కాబట్టి సరిపోయింది.

మావ నట్టు తుడిచి జేబులో వేసుకున్నాడు. నా మూల జోలికి పోనన్నాడు. నేను వీధిలో అందరికీ చూపించుకుందామని మేకుతో పరిగెత్తబోతే అమ్మమ్మ కుంకం భరిణెతో అడ్డం నిలబడింది.

"పని సేసినాది కదా, ఇంక సామానే. ఇలా తే. రేపు హారతి దాకా ముట్టుకున్నావంటే సూడు."

జాకీకీ సుత్తికీ నడుమ నా మేకు బొట్టు పెట్టుకుని కూర్చుంది. నేను ఏడుస్తూ పడుకున్నాను. పొద్దున్న హారతి కాగానే అమ్మమ్మే తీసి నా చేతిలో పెట్టింది. స్పానరు తిరిగింది, తొలి లోడు కదిలింది.

ఎనిమిదితో బడి మానేసి, మిగతా చదువంతా ఆ మూలనే చదువుకున్నాను. ఇప్పుడు షెడ్డు లేదు, అక్కడ సెల్‌ఫోన్లమ్ముతున్నారు. ఆ డైనమోలూ లేవు, కుంకం భరిణె పట్టిన ఆ చెయ్యీ లేదు. దసరాకి మా పిల్లలు ల్యాప్‌టాప్‌లకి బొట్లు పెడతారు, పక్కన నేను మేకు పెడతాను. మొన్నామధ్య ఓటు వెయ్యడానికి మా పాత బడికి వెళ్తే బీరువా అక్కడే ఉంది, తాళం తుప్పు పట్టింది. అమ్మవారు నా మేకు మర్నాడే తిరిగిచ్చేసింది. ఆ అయస్కాంతం మాత్రం ఇంకా అరక్కుండా లోపలే ఉంది.