వాచిన కాలి సంగతి దాచని మా అత్త

పోయిన నెలలో బెంజ్ సర్కిల్ దగ్గరున్న మా ఆఫీసుకి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది" అన్నాడు. "ఆయాసం వచ్చింది, అంతే" అన్నాడు. తుంటి విరిగి అత్త మంచం పట్టినప్పటి నుంచీ మేమంతా భయపడుతున్నది ఆ ఆయాసానికే.

అత్త మా నాన్నకి అక్క. కూచిపూడి దగ్గర పల్లెలో వాళ్ళిల్లూ మా ఇల్లూ పక్కపక్కనే. బావ పుట్టినప్పుడు ఆమె ఎడమ కాలు వాచింది. ఆ వాపు మళ్ళీ పూర్తిగా తగ్గలేదు. ఎక్కడ కూర్చున్నా ఆ కాలు చాపుకోవాల్సిందే. "నా కాలికి మర్యాద తెలీదు, ఏమనుకోకండి" అని చుట్టాలకి ముందే చెప్పేసేది. నేను పుట్టగానే నన్ను బావకి అనుకున్నారు. అందుకని అత్త నన్ను కోడలా అనే పిలిచేది. "తిను కోడలా, చిక్కిపోతే నేను పెట్టడం లేదని మీ అమ్మ ఊరంతా చెబుతుంది" అని అమ్మ వినేలా అనేది.

తొంభైల చివర్లో మా చెల్లికి టైఫాయిడ్ ముదిరి పేగుకి చిల్లు పడింది. విజయవాడలో ఆపరేషన్ చేశారు. అప్పటికి దానికి ఆరేళ్ళు. చేతుల్లో నరం దొరక్క గజ్జల దగ్గర పెద్ద నరంలోకి సన్నటి గొట్టం పెట్టి మందులెక్కించారు. జ్వరం తగ్గుముఖం పట్టింది, ఇక ఇంటికెళ్ళొచ్చనుకున్నాం. అంతలో ఆ వైపు కాలు వాచి, నున్నగా మెరుస్తూ, నీలం తిరిగింది.

మా ఇంట్లో కాలు వాస్తే వాతం అంటారు. ఆముదం వెచ్చచేసి గట్టిగా రుద్దుతారు. నానమ్మ సీసా పట్టుకుని మంచం మీద కూర్చుంది. ఇంకా చెయ్యి వెయ్యలేదు, అత్త ఆ చేతిని పట్టేసుకుంది.

"వద్దమ్మా."

"నీకు రుద్దలేదటే?"

"రుద్దావు. నాన్నకీ రుద్దావు."

నానమ్మ మొహం పాలిపోయింది. సీసా పక్కన పెట్టేసింది.

డాక్టరమ్మ వచ్చి చూసి, గొట్టం పెట్టిన నరంలో రక్తం గడ్డకట్టిందని చెప్పింది. "గొట్టం వల్ల పిల్లలకి ఒక్కోసారి ఇలా అవుతుంది. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, ఆయాసంతో ప్రాణమే పోవచ్చు. కొందరికి రక్తంలోనే ఆ గుణం ఉంటుంది, వంశంలో వస్తుంది. లోపల కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. రక్తం పలచబడే మందు ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్ళివ్వాలో నేను తేల్చుకోవాలి. మీ ఇళ్ళల్లో ఎవరికైనా కాలు ఇలా వాచిందా? ఎవరైనా హఠాత్తుగా పోయారా?"

"అబ్బే, అలాంటివేం లేవండీ" అన్నాడు నాన్న.

ఎదురుగా అత్త కాలు చాపుకునే కూర్చుని ఉంది. అది కనబడకుండా నానమ్మ ఆమె చీర కుచ్చిళ్ళు కిందికి లాగింది. "నోరు మూసుకోవే. రేపు పిల్లలకి సంబంధాలు రావాలా వద్దా?" అంది గొంతు తగ్గించి.

అత్త కుచ్చిళ్ళు పైకి తీసింది. "చూడండమ్మా, ఇది నా కాలు. మా నాన్నకీ ఇలాగే వాచింది. నూనె రాస్తుండగానే ఆయాసపడి, మా చేతుల్లోనే పోయాడు. మా చిన్నాన్న కూతురు పురిట్లో పోయింది. అందరికీ గుండె ఆగిందనే చెప్పుకున్నాం."

ఆ వార్డులో పక్క మంచాల వాళ్ళు కూడా మా వైపు చూశారు. నాన్న తలెత్తలేదు.

చెల్లి బతికింది. ఆ కాలు మాత్రం ఇప్పటికీ రెండోదాని కంటే లావు. తరవాత మా అందరి రక్తం పరీక్షకి పంపారు. అత్తకీ, నాన్నకీ, చెల్లికీ, బావకీ, నాకూ ఆ లోపం ఉందని తేలింది. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా వస్తే పుట్టిన బిడ్డకే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికొచ్చాక అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. "బావ సంగతి మర్చిపోవే. మీ ఇద్దరికీ పుట్టేవాళ్ళ కాళ్ళు చూసే ధైర్యం నాకు లేదు. నువ్వు చదువుకో." అని మొహం అటు తిప్పుకుంది. నానమ్మ ఆమెతో ఏడాది మాట్లాడలేదు. మా ఇంట్లో ఎవరూ దాటని బడి గుమ్మం దాటి నేను కాలేజీకి వెళ్ళానంటే, అత్త తన కోరిక చంపుకోబట్టే.

పోయిన నెల బావ ఫోన్ విని నేను ఊరికి వెళ్ళేసరికి అత్తని వాకిట్లో పడుకోబెట్టి పాదాలకి పసుపు రాస్తున్నారు. బావ భార్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆవిడ బయటి సంబంధం. భుజం మీద ఏడాది పాప నిద్రపోతోంది. దానికింకా పరీక్ష చేయించలేదు. గౌను కింద నుంచి కాళ్ళు రెండూ వేలాడుతున్నాయి. ఒకదాన్ని చూశాను, తరవాత రెండోదాన్ని. రెండూ ఒకేలా ఉన్నాయి. ఆవిడ పాపని తీసుకుని లోపలికి వెళ్ళేదాకా అలా చూస్తూనే ఉన్నాను.