మామ సీటు కింద ఇనుప దిమ్మ

మా మామ పెళ్లి చెడగొట్టడానికి శత్రువులు అక్కర్లేదు, ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు ఒక్కడు చాలు. ఆ మేనల్లుణ్ణి నేనే. నవ్వండి, ఫర్వాలేదు, జమ్మలమడుగంతా ఎప్పుడో నవ్వేసింది.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో మెకానికల్ చివరి సంవత్సరం. జమ్మలమడుగు దగ్గర సేద్యం చేసే మామకు ముప్పై ఎనిమిదో ఏట పులివెందుల సంబంధం కుదిరింది. నిశ్చితార్థం రోజు పొద్దున పదకొండులోపు తాంబూలాలు మార్చుకోవాలి, ఆ తర్వాత మంచి గడియ లేదు. మామ జీపేమో యాభై దాటితే ముందు చక్రం చలిజ్వరం వచ్చినట్టు వణికేది.

"మెకానిక్‌కు చూపిద్దాం పారా," అన్నాడు మామ.

"మెకానిక్ ఎందుకు మామా? నా ప్రాజెక్టే అది! నాన్‌లీనియర్ అబ్జార్బర్!"

"అంటే ఏందిరా?"

"స్ప్రింగుల మధ్య ఇనుప దిమ్మ. చక్రం వణుకునంతా అదే మింగేస్తాది."

ముందురోజంతా జీపు కింద పొర్లి బిగించాను. చక్రాన్ని ఒకసారి చూశానా అంటారా? ఇంత థియరీ వచ్చినవాడికి చూడాల్సిన ఖర్మ ఏమిటండీ!

మరునాడు మామ డ్రైవింగ్, పక్కన నేను, వెనక పసుపు కుంకుమల పళ్లెం ఒళ్లో పెట్టుకుని అమ్మ. ముద్దనూరు దాటాక డెబ్బై. స్టీరింగు కదిలితే ఒట్టు.

"శానా బాగుందిరా అల్లుడా! ఆ వణుకంతా యాడికి పోయింది?"

"దిమ్మలోకి మామా."

"దిమ్మ యాడుంది?"

"నీ సీటు కింద."

అంతే, దిమ్మకు పూనకం వచ్చింది. మామ తల టాపుకు తగలడం, కిందపడటం, మళ్లీ తగలడం. అమ్మ ఒళ్లో పళ్లెం ఎగిరి కుంకుమంతా మామ తెల్లచొక్కా మీద పడింది.

"ఆపరా దాన్ని!"

"స్విచ్చు లేదు మామా!"

వేగం తగ్గిస్తే ముహూర్తం పోతుంది, తగ్గించకపోతే మామ పోతాడు. మామ ముహూర్తాన్నే ఎంచుకున్నాడు.

పదకొండుకు పది నిమిషాలుందనగా చేరాం. నిలువెల్లా ఎర్రగా దిగిన మామను చూసి పెళ్లికూతురు తండ్రి అదిరిపోయాడు. "ఎవురు కొట్టినారప్పా?"

సంబంధం తప్పిపోయిందనే అనుకున్నాను. అప్పుడు పెళ్లికూతురు బయటికొచ్చింది. వాళ్ల చీనీ బత్తాయిల తోటలో సొంతంగా ట్రాక్టరు తోలే మనిషి. అమ్మ చెప్పిన వణుకు, దిమ్మ గోలంతా విని పెళ్లికొడుకును కాదు, చక్రాన్ని చూసింది. స్క్రూడ్రైవరు తెప్పించి రింగు లోపల పొడిచింది. గుమ్మడికాయంత నల్లరేగడి గడ్డ దబ్బున కిందపడింది.

"ఒక పక్క మన్ను పట్టి ఎండి బరువైతే చక్రం వణక్క ఏం చేస్తాదప్పా? ఆ దిమ్మ పెట్టిన మొగోడెవురు?"

మామ వేలు బాణంలా నా వైపు తిరిగింది.

"అయితే ఈయన తప్పేం లేదు. తాంబూలాలు తీసుకో నాయనా," అని తండ్రి వైపు తిరిగి నవ్వింది. "ఆ పిల్లోడు మాత్రం పెండ్లికి బస్సులో రావల్ల."

ఆ మట్టిగడ్డ మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశాను: చక్రం కడగకుండా ఇక ఈ జన్మలో స్పానరు ముట్టను. పెళ్లికి బస్సులోనే వెళ్లాను. దాని చక్రమూ వణికింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని పులివెందుల దాకా కదలకుండా కూర్చున్నాను.