ఎర్ర కారుకు నూనె ప్రార్థన

దేవుడు నన్ను లెక్కలేనన్నిసార్లు క్షమించాడు. మా అక్క ఒక్కసారే క్షమించింది, అదీ సగమే. మిగిలిన సగాన్ని బంధువుల ఇళ్ళలో ఏ విందు జరిగినా, పప్పన్నం కలుపుకుంటూ, అందరి ముందూ నా దగ్గర వసూలు చేస్తూనే ఉంది. ఒక పెళ్ళికూతురు, ఒక ఎర్ర కారు, ఒక చిన్న సీసాడు నూనె ఉంటే చాలు, మనిషి తన పరువును జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా ఈడ్చుకుంటూ పోవచ్చు. ఎలాగో చెబుతాను. నవ్వేవాళ్ళు ముందే నవ్వేయండి. ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపే వస్తుంది.

నేను జగ్గయ్యపేటలో లెక్కల మాస్టారిని. ఆదివారం పూట మా చర్చి సంఘంలో పిల్లలకు బైబిలు వాక్యం చెబుతాను. తాగుడు లేదు, పేకాట లేదు, సినిమాల పిచ్చి లేదు. అపవాది అయిన సాతాను నాలో ఎక్కడ దూరాలా అని చాలాకాలం వెతికి, చివరికి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు రూపంలో దూరాడు. అది ఇంగ్లండులో పుట్టింది. నాకంటే పెద్దది. పైన గుడ్డ టాపు, కింద నేలకు జానెడు ఎత్తు. హైదరాబాదులో ఒకాయన దాన్ని నాకు అమ్మి, చేతులు జోడించి దణ్ణం పెట్టాడు. అది మర్యాద అనుకున్నాను. విముక్తి అని తర్వాత తెలిసింది.

వాన పడితే దాని హారన్ మోగేది. హారన్ నొక్కితే వైపర్లు తిరిగేవి. ఎడమ ఇండికేటర్ వేస్తే కుడి తలుపు తెరుచుకుంటుందని మా ఆవిడ కరుణ ఊరంతా చెప్పింది. అది అన్యాయం. అలా జరిగింది రెండుసార్లే.

మా మెకానిక్ మస్తాన్ చాలా మంచివాడు. కాకపోతే లోకంలో ఉన్న రోగాలన్నిటికీ అతని దగ్గర ఒకటే పేరు ఉండేది.

"మస్తానూ, లైట్లు వెలగట్లేదయ్యా."

"కార్బురేటర్ సార్."

"మస్తానూ, టైరు పంక్చరయింది."

"అవుద్ది సార్. కార్బురేటర్ సరిగా లేకపోతే బండి ఊగుద్ది. ఊగితే ఆ బరువంతా టైరు మీదే గదా పడేది!"

ఇంత జరిగినా ఆ కారంటే ప్రాణం పెట్టిన మనిషి మా కుటుంబంలో నాతో పాటు ఇంకొకరు ఉండేవారు. ఆయన మా బావ, అక్క భర్త. సాయంత్రం పూట వచ్చి ఎడమ సీట్లో కూర్చునేవారు. బండి స్టార్టయితే చప్పట్లు కొట్టేవారు, కాకపోతే పడీపడీ నవ్వేవారు. నిజం చెప్పాలంటే నవ్విన రోజులే ఎక్కువ. అక్క కూతురు స్నేహ పదో తరగతిలో ఉండగా ఆయన ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ సీట్లో ఎవరినీ కూర్చోమని నేను అడగలేదు. బండి పరిస్థితి తెలిసి ఎవరూ కూర్చుంటామనీ అడగలేదు.

స్నేహకు నందిగామ సంబంధం కుదిరింది. పెళ్ళి అక్కడి చర్చిలోనే. పెళ్ళి తేదీ ఖాయం కాగానే పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"మామయ్యా, నన్ను చర్చికి నువ్వే తీసుకెళ్ళాలి. నీ కారులోనే. నాన్న సీట్లో కూర్చుని వెళ్తా. ఇంకేం అడగను."

నా గొంతు పూడుకుపోయింది. మా అక్క గొంతు మాత్రం బాగానే ఉంది.

"ఒరే సుందరం, పిల్ల అడిగింది కాబట్టి ఒప్పుకుంటున్నా. ఆ డొక్కు గనక దారిలో ఆగిందా, నీ మొహం నాకు చూపించమాక."

"విశ్వాసం ఉంచక్కా!"

"దేవుడి మీద ఉందిరా. నీ కారు మీద లేదు."

మస్తానూ నేనూ కలిసి బండి బ్రేకులన్నీ ఊడదీశాం. పాత రబ్బర్లు తీసి కొత్తవి వేశాం, కొత్త బ్రేకాయిల్ పోశాం. తొక్కగానే బండి మాట వినే పిల్లాడిలా ఆగేది. ఎంత బాగుందంటే, మస్తాను కూడా ఆ రోజు కార్బురేటర్ మాట ఎత్తలేదు. బుద్ధిమంతుడైతే అక్కడితో ఆగిపోతాడు. నేను విశ్వాసిని గదా, ప్రార్థన పెట్టించాను.

మా పాస్టరు అయ్యగారు వచ్చారు. చిన్న సీసాలో ఒలీవ నూనె తెచ్చి, ఒక వేలు ముంచి, బానెట్ మీద అద్ది, బండి కోసమూ బండెక్కేవాళ్ళ కోసమూ, ముఖ్యంగా బండికి ఎదురొచ్చేవాళ్ళ కోసమూ చాలాసేపు ప్రార్థన చేశారు. కాఫీ తాగి లేవబోతుంటే అడిగాను.

"అయ్యగారూ, ఆ సీసా మా ఇంట్లో ఉంచుతారా?"

"దేనికండీ మాస్టారూ?"

"ఉంటే మంచిది గదండీ."

ఆయన సాధువు. ఇచ్చేశారు.

ఆ సాయంత్రం నేను సీసాను చూస్తూ ఆలోచనలో పడ్డాను. చదువుకున్నవాడు ఆలోచనలో పడటమంటే ఎద్దు బావిలో పడటమే. గిన్నె బయట కడిగితే చాలదు, లోపల శుభ్రం కావాలని పిల్లలకు ఏళ్ళ తరబడి చెబుతున్నవాణ్ణి. మరి నూనె బానెట్ పైన రాసి ఊరుకుంటే అది వేషధారణ కాదూ? లోపలికి వెళ్ళొద్దూ? లోపలంటే ఎక్కడ? ఇంజనులో ఇప్పటికే బోలెడు ఆయిలు ఉంది. పెళ్ళికూతురి ప్రాణం ఆధారపడి ఉండేది బ్రేకుల మీద. బ్రేకాయిల్ డబ్బా మూత తీసి చూశాను. కాస్త తగ్గినట్టే అనిపించింది. ప్రభువే ఖాళీ ఉంచాడనుకున్నాను.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నారు పెద్దలు. బ్రేకులకు ఒలీవ నూనె పోసేవాడు పుడతాడని వాళ్ళు ఊహించలేదు, లేకపోతే సామెత ఇంకా ఘాటుగా ఉండేది. సీసా మొత్తం వంపి, ఆమెన్ అని మూత బిగించాను. ఎవరికీ చెప్పలేదు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదు గదా!

కొన్నాళ్ళకు బండి బరువెక్కింది. ఎక్సలేటర్ తొక్కితే మూలుగుతుంది గాని ముందుకు పోదు. ఊళ్ళో ఒక చుట్టు తిరిగేసరికి బస్తాలు మోస్తున్నట్టు రొప్పుతుంది. ప్లగ్గులు మార్చాను, ఫిల్టరు దులిపాను, ఒక పూట ఉపవాసం ఉన్నాను. మస్తాను సరే, ఎదురుచూసిన రోజు వచ్చినట్టు కార్బురేటర్ విప్పి, కిరసనాయిల్‌లో కడిగి, బిడ్డకు నీళ్ళు పోసినట్టు తుడిచి బిగించాడు.

"మస్తానూ, చక్రం ముట్టుకో. అట్టు పోసుకోవచ్చు!"

"ఎండ సార్. ఇది జగ్గయ్యపేట."

కరుణ గుమ్మంలోంచి అంది: "ఏవండీ, ఒక మంచి ట్యాక్సీ మాట్లాడి పక్కన ఉంచుకుందాం."

"అది అవిశ్వాసం కరుణా."

"కాదండీ, అది ట్యాక్సీ."

విచిత్రమేమిటంటే, రాత్రంతా చల్లారాక పొద్దున్నే తీస్తే బండి హాయిగా కదిలేది. అలా కదిలిన ఒక ఆదివారం నేరుగా చర్చికి పోయి, లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. వైద్యులు చేతులెత్తేసిన బండిని దేవుడు ముట్టాడని చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది. వైద్యుడు మస్తానేనని తెలిసినవాళ్ళు కాస్త మెల్లగా అన్నారు.

పెళ్ళిరోజు వచ్చింది. అక్క, కరుణ, అయ్యగారు, చుట్టాలు అందరూ బస్సులో ముందే నందిగామ వెళ్ళిపోయారు. స్నేహ తెల్లచీర, మేలిముసుగు, చేతిలో పూలగుత్తితో ఎడమ సీట్లో కూర్చుంది. కూర్చుని సీటును ఒకసారి అరచేత్తో నిమిరింది. నేను సూటు వేసుకుని స్టీరింగ్ పట్టుకున్నాను. బండి మొదటిసారికే స్టార్టయింది. స్నేహ చప్పట్లు కొట్టింది, అచ్చం వాళ్ళ నాన్నలా.

హైవే ఎక్కి చిల్లకల్లు టోల్‌గేటు దాకా వెళ్ళాం. అక్కడ బ్రేకు తొక్కాను. ఆ తొక్కడమే తొక్కడం.

గేటు పైకి లేచింది. మేం మాత్రం కదల్లేదు. ఎక్సలేటర్ అదిమితే బండి అరిచింది, వణికింది, చక్రాల్లోంచి పొగ వదిలింది. ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండ కదులుతుందని నేను మనసారా నమ్ముతాను. కొండల సంగతి నాకు తెలియదు. కారు మాత్రం కదల్లేదు.

"మామయ్యా, ఎవరో బజ్జీలు వేస్తున్నట్టుంది. ఆ వాసనొస్తుంది."

"ఆకలి వల్లమ్మా అది" అన్నాను.

టోల్‌గేటు కుర్రాడు కిటికీలోంచి తొంగిచూశాడు.

"సార్, హ్యాండ్ బ్రేకు తీశారా?"

"లెక్కల మాస్టార్ని బాబూ, ఆ మాత్రం తెలీదా?"

"అయితే ఇంకోసారి లెక్క చూసుకోండి సార్."

వెనక లారీలు హారన్లు అందుకున్నాయి. ఒక డ్రైవరు దిగొచ్చి నన్నూ, ముసుగులో ఉన్న పిల్లనూ, గుడ్డ టాపునూ ఎగాదిగా చూశాడు.

"ఏం పెద్దాయనా, పిల్లని లేపుకొచ్చినోడివి ఇక్కడ ఆపితే ఎట్టా? వెనకాల ఆళ్ళోళ్ళు వచ్చేయరూ?"

"ఛీ ఛీ! నేను మేనమామనయ్యా!"

"మేనమామేనా! మరింకేం, వరసే గదా!"

నాకు అక్కడే భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. జాతీయ రహదారి కాబట్టి గట్టిగా వేసి ఉంటారు, చీలలేదు. మస్తానుకు ఫోన్ చేశాను.

"చక్రాలు నాలుగూ పట్టేసినాయయ్యా!"

"కార్బురేటర్ సార్..."

ఫోన్ పెట్టేశాను. లారీలవాళ్ళు కలిసి, పాడె ఎత్తినట్టు బండిని ఎత్తి, రోడ్డు పక్కన దించారు. ఆ ఎత్తడంలో సామూహిక సంతాపం ఏమీ లేదు, నవ్వులే. చర్చిలో పెళ్ళికొడుకు నిలబడి ఉంటాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంటుంది. పెళ్ళికొడుకుకు సమాధానం చెప్పగలను. స్నేహ ముసుగులోంచి కన్నీళ్ళు తుడుచుకుంటోంది. ఆ పిల్ల నన్ను జీవితంలో అడిగింది ఒక్కటే. అదీ నేను చేయలేకపోయాను. చేతులెత్తి ఆకాశం వైపు చూసి, "ప్రభువా, ఏదో ఒక వాహనం పంపు" అన్నాను.

ఏదో ఒక వాహనం అనకూడదు. ప్రార్థనలో వివరాలు చెప్పాలి.

"పాత ఇనప సామాన్లు కొంటాం... పాత కూలర్లు, పాత మోటార్లు, పాడైపోయిన సైకిళ్ళు కొంటాం..." అని మైకులో అరుచుకుంటూ ఒక ట్రాలీ ఆటో మా పక్కనే వచ్చి ఆగింది. ఆటో ఆయన దిగి, స్నేహను చూడలేదు, నన్ను చూడలేదు. మా కారు చుట్టూ ప్రదక్షిణ చేశాడు.

"సార్, ఇది ఇచ్చేస్తారా?"

"ముందు మమ్మల్ని నందిగామ చర్చికి చేర్చవయ్యా!"

"చేరుస్తా సార్. కానీ అటో ఇటో చెప్పండి, మనసు లాగేస్తంది."

స్నేహ ఆటో వైపు కదల్లేదు. వెనక్కి తిరిగి కారులోకి వంగి, ఎడమ సీటు మెత్తను పట్టుకుని గట్టిగా పీకింది. ఆ బండిలో గట్టిగా పీకితే రానిది ఏదీ లేదు. మెత్త చేతికొచ్చింది. దాన్ని ఆటో డ్రైవరు పక్కన వేసుకుని కూర్చుంది. నేను వెనక, ఇనుము మీద, సూటుతో, ఒక పాడైపోయిన కూలరును కౌగిలించుకుని కూర్చున్నాను.

"ఆ మైకు ఆపవయ్యా బాబూ!"

"ఆగదండీ. స్విచ్చి పోయింది. మెయిన్ తీస్తే బండే ఆగుద్ది, మళ్ళీ లేస్తాదో లేదో. మీకు తెలీందేముంది!"

నిజమే. నాకు తెలియనిదేముంది.

నందిగామ చర్చిలో మాకోసం పాడిన పాటే మళ్ళీ మళ్ళీ పాడి గాయకులు గొంతులు పోగొట్టుకున్నారట. సరిగ్గా వాళ్ళు ఆగిన క్షణంలో వాకిట్లోంచి మా స్వరం వినిపించింది: "పాత ఇనప సామాన్లు కొంటాం..." సంఘమంతా బయటికి వచ్చింది. పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు, "పొమ్మనండి, ఇక్కడేం లేవని చెప్పండి" అంటున్నారు. అప్పుడే పెళ్ళికూతురు దిగింది.

అక్క మెట్లు దిగి నా వైపు వచ్చింది. ఆవిడ నోరు తెరిచేసరికి నేను కూలరు వెనక దాక్కున్నాను. ఇంతలో స్నేహ చంకలో ఉన్న మెత్త ఆవిడ కంట పడింది. దుమ్ము, గ్రీజు, ఒక పక్క బావ సిగరెట్టు కాల్చిన రోజుల్నాటి చిన్న కన్నం.

"నాన్న సీట్లోనే వచ్చానమ్మా" అంది స్నేహ.

అక్క తెరిచిన నోరు అలాగే మూసేసింది. మెత్తను తీసుకుని తన కుర్చీలో వేసుకుని, పెళ్ళి అయ్యేదాకా దాని మీదే కూర్చుంది. నాకు దొరికిన సగం క్షమాపణ అదే.

విందయ్యాక మస్తానును చిల్లకల్లు రమ్మని, అయ్యగారూ నేనూ అక్కడికి వెళ్ళాం. మస్తాను కార్బురేటర్ వైపు చెయ్యి చాచాడు. అయ్యగారు వద్దని, పొగచూరిన చక్రాలు చూసి, బ్రేకాయిల్ డబ్బా మూత తీయమన్నారు. వంగి వాసన చూశారు. మళ్ళీ చూశారు. తర్వాత నా మొహం చూశారు.

"మాస్టారూ, ఇది నా సీసా కదూ?"

నేను గిన్నె లోపలి సంగతి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. మస్తాను లోపలి రబ్బరొకటి బయటికి లాగాడు. నూనెలో వేసిన బూరెలా ఉబ్బిపోయి ఉంది. నూనెకు ఆ రబ్బర్లు ఉబ్బి, తొక్కిన బ్రేకును మళ్ళీ వదలకుండా పట్టేశాయన్నమాట.

"నేను ఒక్క వేలు రాశానండీ" అన్నారు అయ్యగారు. "ఒక్క వేలు. దేవుడికి సరిపోయింది. మీకెందుకు సరిపోలేదు?"

నేను బ్రేకాయిల్ డబ్బా మూత మళ్ళీ బిగించాను. మస్తాను మాత్రం బ్రేకులు మొత్తం మార్చి, "అయినా కార్బురేటర్ కూడా ఓసారి..." అన్నాడు.

కాబట్టి పెద్దల ఎదుటా సంఘం ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఈ ఎర్ర కారును ఎండలోనూ వానలోనూ, హారన్ మోగినా మోగకపోయినా, మంచికీ చెడుకీ నేనే చూసుకుంటాను. దాని లోపల మస్తాను పోయమన్నది తప్ప, ఎంత పరిశుద్ధమైనదైనా సరే, చుక్క పోయను. నూనె బయటే రాస్తాను, ఒక్క వేలితో.

సీటు మెత్త మాత్రం అక్క తిరిగి ఇవ్వలేదు. ఎడమ సీట్లో ఇప్పుడు ఒట్టి స్ప్రింగులే. మొన్న స్నేహ ఫోన్ చేసి, తనకు పుట్టిన బాబును మొదటిసారి చర్చికి తీసుకెళ్ళడానికి నా బండిలోనే వస్తానంది. నేను నోరు తెరిచేలోపే ఫోన్లో స్నేహ వెనకనుంచి అక్క గొంతు వినిపించింది.

"ఆ ఇనప సామాన్లాయన నంబరు ఉందా, అడగవే!"